ఆ రోజు లైన్ బాగానే ఉంది

ఆ రోజు ఫోన్ లైన్ బాగానే ఉంది. పక్క గదిలోంచి మాట్లాడుతున్నంత స్పష్టంగా వినిపించింది. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి చెప్పలేదు, మా యజమాని దూబే గారికి చెప్పలేదు, నన్ను ఎదురుగా కూర్చుని అడిగిన మనిషికి అసలే చెప్పలేదు. ప్రతి చిన్న విషయమూ రాసుకునే నా డైరీలో కూడా ఆ తేదీ కింద 'ఈ రోజు చలి తగ్గింది' అని ఒక్క వాక్యమే ఉంది.

ముప్ఫయ్యారేళ్ళకి రిటైరయ్యానంటే మా అన్నయ్య నవ్వుతాడు. కానీ పద్నాలుగేళ్ళు ఒకే ఉద్యోగం చేసి, ఆ ఆఫీసు మూతపడ్డాక మళ్ళీ ఆ పనిలోకి వెళ్ళకూడదని నిర్ణయించుకున్న మనిషిని ఇంకేమనాలో నాకు తెలియదు. మొన్న ఇద్దరమ్మాయిలు వచ్చారు. అలాంటి ఆఫీసులోనే కొత్తగా చేరారట. "అక్కా, అసలు పనేంటి? మాకు ట్రైనింగ్‌లో ఏమీ చెప్పలేదు" అని అడిగారు. నాకు ఎదురుగా కూర్చుని మాట్లాడటం ఇప్పటికీ రాదు. రాసిస్తానని పంపేశాను.

పని

రాయ్‌పూర్ చుట్టూ ఉన్న ఉక్కు ఫ్యాక్టరీలకు విదేశాల నుంచి యంత్రాలు వస్తాయి. వాటి వెంట వాటిని బిగించే ఇంజినీర్లు వస్తారు. కొందరు మూడు నెలలు, కొందరు రెండేళ్ళు, కొందరు భార్యాబిడ్డలతో. వాళ్ళకి ఇల్లు చూడటం, పోలీసు ఆఫీసులో పేరు నమోదు చేయించడం, గ్యాస్ కనెక్షన్, వంటమనిషి, డాక్టరు, ఇవన్నీ చూసే చిన్న ఆఫీసు మాది. టాటీబంధ్ చౌరస్తాకి దగ్గర్లో ఒక టైర్ల దుకాణం పైన ఉండేది. లారీల మోతకి కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచేవాళ్ళం.

డిగ్రీ అవగానే చేరాను. కాగితాలు నింపే పని అని చెప్పారు కాబట్టే చేరాను. మనుషులతో మాట్లాడాలని తెలిస్తే చేరేదాన్ని కాదు. చేరిన మూడో రోజే దూబే గారు నన్ను ఒక కొరియా దంపతుల ముందు నిలబెట్టి, "బేటా, వీళ్ళకి ఈ ఊళ్ళో ఎలా బతకాలో చెప్పు" అన్నారు. నేను గోడకేసి చూస్తూ నీళ్ళు మరిగించుకోవాలని చెప్పాను. అది తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. వాళ్ళు శ్రద్ధగా రాసుకున్నారు.

నన్నే ఎందుకు పెట్టారని తరవాత అడిగితే ఆయన చెప్పిన కారణం నాకు నచ్చింది. "మీ ఇంట్లో ఒక భాష, గడప దాటితే ఇంకో భాష. మీ తాత ఎప్పుడో రైల్వేలో చేరడానికి శ్రీకాకుళం నుంచి వచ్చాడు. ఇప్పటికీ మిమ్మల్ని వీధిలో మద్రాసీలనే అంటారు. పరాయి ఊళ్ళో ఉండటమంటే ఏమిటో నీకు నేర్పక్కర్లేదు."

ఆ మాట సగమే నిజమని నాకు తెలియడానికి ఒక మనిషి తల్లి పోవాల్సి వచ్చింది.

నీళ్ళు, గ్యాస్, తలుపు

ముందు మామూలు సంగతులు. వచ్చినవాళ్ళకి మొదటి వారంలో కావలసినవి మంచినీళ్ళు, దోమతెర, ఇంటికి ఒక ఫోన్ కాల్. మిగతావన్నీ ఆగుతాయి. ఇల్లు చూసేటప్పుడు ఇంటి ఓనరుని మాంసం గురించి ముందే అడగండి. నేను ఒకసారి అడగలేదు. బ్రెజిల్ నుంచి వచ్చిన కుటుంబం సామాన్లు సర్దుకున్న నాలుగో రోజున ఓనరమ్మ వాళ్ళ ఫ్రిజ్ తెరిచి చూసి, మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి కూర్చుంది. కుటుంబాన్ని మార్చేవరకు లేవలేదు.

వచ్చినవాళ్ళకి కష్టమయ్యేది ఎండ కాదు, కారం కాదు. తలుపు. ఒక ఇంజినీరు గారి భార్య రోజంతా తలుపు గడియ పెట్టుకుని ఉండేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఈమె ఒంటరిగా ఉందని జాలిపడి, చెప్పకుండా వచ్చి తలుపు కొట్టేవాళ్ళు. ఆమె భయపడేది. వీళ్ళు నొచ్చుకునేవాళ్ళు. ఇద్దరిదీ మంచితనమే. నేను ఆమెకి వీళ్ళ సంగతి చెప్పాను, వీళ్ళకి ఆమె సంగతి చెప్పాను. నెల తిరిగేసరికి ఆమె పక్కింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను. ఒకరి పద్ధతి ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడం నాకు వచ్చునని అప్పుడు గర్వపడ్డాను.

నాకు రాని సంగతి ఒకటుంది. మన పద్ధతి మనకి కనిపించదు. అది పద్ధతి అని కూడా అనిపించదు.

బాగోలేదు

నాకు పదేళ్ళప్పుడు మా పెద్దత్త పోయింది. పలాస దగ్గర ఒక పల్లెలో ఉండేది. రైల్వే క్వార్టర్లలో మా వరసకంతా ఒకే ఫోన్, చివరి ఇంట్లో. నాన్న అక్కడికి వెళ్ళి మాట్లాడి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అప్పకి ఒంట్లో బాగోలేదట. ఓపాలి వచ్చి చూసెల్లమన్నారు."

అమ్మ ఏమీ అడగలేదు. పొయ్యి ఆర్పేసింది. ట్రంకు పెట్టె దించి బట్టలు తీసింది. "తెల్ల పంచెట్టనా?" అని మాత్రం అడిగింది. నాన్న తలూపాడు.

రైల్లో టిట్లాగఢ్ దాటాక నేను అడిగాను. "అత్తకి తగ్గిపోద్దా నాన్నా?"

"తగ్గిపోద్దమ్మా. పడుకో."

ఆ రైలు పెట్టెలో నేను తప్ప మావాళ్ళందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు. రాయగడ స్టేషన్లో నాన్న దిగి టీ కూడా తాగాడు. ఊరు చేరి, వాకిట్లో పడుకోబెట్టిన అత్తని చూశాకే ఆయన గొంతు బయటికి వచ్చింది. దూరాన ఉన్నవాళ్ళకి చావు కబురు సూటిగా చెప్పకూడదు. దారిలో కూలిపోతారు. 'బాగోలేదు, వచ్చి చూసి వెళ్ళండి' అంటే చాలు, తెలుసుకోవలసినవాళ్ళు తెలుసుకుంటారు. ఇది మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. అన్నం కలుపుకోవడం ఎలా వచ్చిందో ఇదీ అలాగే వచ్చింది.

మారెక్

నేను చేరిన రెండో ఏడు పోలండ్ నుంచి మారెక్ అనే ఇంజినీరు వచ్చాడు. నలభై దాటిన మనిషి, పెళ్ళి కాలేదు. సిల్తరాలోని ఉక్కు ఫ్యాక్టరీలో కొత్త కొలిమి బిగించే పని. ఊళ్ళో తల్లి ఒక్కతే ఉండేది. ఆదివారం ఆదివారం ఐఎస్‌డీ బూత్ నుంచి ఆమెతో మాట్లాడేవాడు. నన్ను 'మేడమ్' అనేవాడు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, అలా పిలిచిన మొదటి మనిషి అతనే. నా బల్లమీద ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం ఉండటం చూసి, "ఇవాళ ఎన్నో పేజీ?" అని పలకరించేవాడు. నాలాంటివాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలిసిన మనిషి.

అత్యవసరమైతే చెయ్యమని మా ఆఫీసు నంబరు అందరి ఇళ్ళకీ ఇప్పించేవాళ్ళం. ఒక సోమవారం మధ్యాహ్నం ఆ ఫోన్ మోగింది. దూబే గారు ఏదో పని మీద తిల్దా వెళ్ళారు, నేనొక్కదాన్నే ఉన్నాను.

ఒకమ్మాయి. మారెక్ వాళ్ళ పక్కింటి ముసలావిడ మనవరాలు. ఇంగ్లీషు నెమ్మదిగా, పుస్తకంలో చదువుతున్నట్టు మాట్లాడింది. మారెక్ తల్లి ఆ తెల్లవారుజామున చనిపోయింది. గురువారం పూడుస్తారు. అతనికి చెప్పాలి. నేను తల్లి పేరు ఒక్కొక్క అక్షరం అడిగి కాగితం మీద రాసుకుని, తిరిగి చదివి వినిపించాను. "అవును, అదే" అంది. అయ్యో అన్నాను. తప్పకుండా చెబుతానన్నాను. ఆ అమ్మాయి నంబరు అడగాలన్న సంగతి నాకు తోచలేదు.

మారెక్ మూడు గంటలకి గ్యాస్ కాగితం మీద సంతకం కోసం వచ్చాడు. నేను లేచి నిలబడి చెప్పాను. "మీ ఊరి నుంచి ఫోన్ వచ్చింది. పక్కింటావిడ మనవరాలు చేసింది. మీ అమ్మగారికి ఒంట్లో బాగోలేదట. మీరొకసారి వెళ్ళి చూసి వస్తే మంచిది."

మా నాన్నలాగా గుమ్మంలో ఆగిపోతాడనుకున్నాను. అప్పుడు టిక్కెట్టు సంగతి మాట్లాడుదామని విమానాల వేళలు కూడా రాసి పెట్టుకున్నాను. మంగళవారం పొద్దున బయలుదేరితే గురువారానికి చేరతాడు.

అతను కుర్చీలో కూర్చుని సంతకం పెట్టాడు. "ప్రతి చలికాలం అంతే. ఛాతీ పట్టేస్తుంది. హాస్పిటల్‌కి వెళ్ళనని పోట్లాడుతుంది. ఈసారి తీసుకెళ్ళారన్నమాట" అన్నాడు. తరవాత నా ముఖం చూసి, "వెంటనే రమ్మన్నారా?" అని అడిగాడు.

"వెళ్తే మంచిది" అన్నాను.

"గురువారం కొలిమి వెలిగిస్తాం. అది వదిలేసి వెళ్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు. శుక్రవారం వెళ్తాను."

ఇంత మాత్రమే జరిగింది. అతను మా వాక్యాన్ని ఉన్నదున్నట్టు విన్నాడు. వాక్యం వెనకాల ఇంకో వాక్యం ఉంటుందని వాళ్ళ ఊళ్ళో ఎవరూ అనుకోరు.

సాయంత్రం దూబే గారికి అదే మాట చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను కాసేపు చూశారు. "బాగోలేదా?" అన్నారు. "బాగోలేదు" అన్నాను. "అతనే శుక్రవారం అన్నాడు కదా. కొలిమి పని ఆగితే ఫ్యాక్టరీవాళ్ళు మనల్ని అడుగుతారు. బలవంతపెట్టకు" అన్నారు. ఆయనా మా పద్ధతిలోనే పెరిగిన మనిషి. ఆయనకి అర్థమైందా లేదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. అర్థమైందనే అనుకుంటాను. మంచి యజమానే. కానీ తెలియనట్టు ఉండటం లాభమైనప్పుడు తెలియనట్టే ఉండేవారు. ఆ రోజు నేనూ అదే చేశాను కాబట్టి ఆయన్ని అనడానికి నాకు నోరు లేదు.

పండరీలో

మంగళవారం అతను బూత్ నుంచి రెండుసార్లు ఇంటికి చేశాడట, ఎవరూ ఎత్తలేదు. పక్కింటివాళ్ళ నంబరు అతని దగ్గరా లేదు. "హాస్పిటల్లోనే ఉంది" అని నాతో అన్నాడు. ఆ రాత్రి నేను చెప్పవలసిన మాటలు ఇంగ్లీషులో మూడు రకాలుగా రాసుకున్నాను.

బుధవారం అతనే ఆఫీసుకి వచ్చాడు. "మేడమ్, మా అమ్మకి ఏదైనా తీసుకెళ్ళాలి. ఇక్కడి బట్ట. మీరు రాగలరా?"

పండరీ బట్టల బజారుకి వెళ్ళాం. దుకాణంలో తెల్లటి పరుపు మీద కూర్చోబెట్టి కోసా పట్టు తానులు వరసగా విప్పారు. దుకాణదారు నన్ను హిందీలో అడిగాడు. "మాతాజీ రంగు ఎలా ఉంటుంది మేడమ్? సాహబ్‌లాగే తెల్లగానా?"

అతనికి చెప్పాను. మారెక్ నవ్వాడు. "తెలుపు కాదు, ఎరుపు. చలికి ఒకసారి, పొయ్యి వేడికి ఒకసారి. ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది."

"అయితే ఆకుపచ్చ" అన్నాడు దుకాణదారు. "మేడమ్, మీరొకసారి భుజం మీద వేసుకుని చూపించండి. సాహబ్‌కి అర్థమవుతుంది."

వేసుకున్నాను. నా సంచీలో ఆ మూడు రకాల మాటలు రాసిన కాగితం ఉంది. మారెక్ రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకి వంచి చూశాడు. అలా చూస్తున్నప్పుడు అతని కళ్ళు నన్ను చూడటం లేదు.

"బాగుందా?" అని అడిగాడు.

"బాగుంది" అన్నాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. బిడియం అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. సోమవారం చెప్పకపోవడం మా పద్ధతి. మంగళవారం చెప్పకపోవడం బిడియం. బుధవారానికి అది భయం. ఇప్పుడు చెబితే సోమవారమే ఎందుకు చెప్పలేదని అడుగుతాడన్న భయం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. తప్పు ఒక్క రోజులో జరగదు. మొదటి రోజు అది మంచితనంలాగానే ఉంటుంది.

గురువారం కొలిమి వెలిగింది. ఫ్యాక్టరీలో కొబ్బరికాయ కొట్టి, మిఠాయిలు పంచారు. అతను నాకూ ఒక పొట్లం పంపాడు. శుక్రవారం విమానం ఎక్కాడు.

ఏం వినిపించింది

రెండు వారాలకి తిరిగి వచ్చాడు. ముందు ఆఫీసుకే వచ్చాడు. దూబే గారు లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నారు. అతను కూర్చున్నాక, కోపం ఏమీ లేకుండా నావైపు తిరిగాడు.

"పక్కింటి అమ్మాయి ఈ ఆఫీసులో ఒకమ్మాయితో మాట్లాడానంది. మా అమ్మ పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకుందట. నాకు చెబుతానందట. నేను దారిలో ఉన్నాననుకుని వాళ్ళు మళ్ళీ చెయ్యలేదు. గురువారం చర్చిలో ఒక గంట ఎక్కువ ఆగారట, నాకోసం." తరవాత అడిగాడు. "మీకు ఏం వినిపించింది, మేడమ్?"

"లైన్ సరిగా లేదు" అన్నాను. "అమ్మ, హాస్పిటల్ అన్న మాటలే వినిపించాయి."

"మా లైన్ ఎప్పుడూ అంతే సర్" అని దూబే గారు వెంటనే అందుకున్నారు. "ఎన్నిసార్లు కంప్లైంట్ ఇచ్చానో."

మారెక్ ఫోన్ వైపు చూశాడు. తలూపాడు.

సుక్వారో బాయి

అతనికి వంట చేసే సుక్వారో బాయి మహాసముంద్ వైపు పల్లెటూరి మనిషి. ఇక్కడి మాటలో అమ్మాయిని నోనీ అంటారు, నన్ను అలాగే పిలిచేది. అతను వచ్చిన వారానికి కబురు పెట్టింది. సాహబ్‌కి తన మాట అర్థం కావడం లేదు, నేను వచ్చి చెప్పాలి.

"చేప వండమంటాడు. తల్లి పోయి నెలైనా కాలేదు, నేను వండను. చెప్పు నోనీ."

చెప్పాను. మారెక్ సొరకాయ కూర ముందుకి జరుపుకున్నాడు. అలమరలో పైఅరలో ఆ ఆకుపచ్చ బట్ట, దుకాణంలో కట్టిన పొట్లంతోనే కనిపిస్తోంది.

"అడుగు, చనిపోయిందని ఎక్కడ తెలిసింది? దారిలోనా, ఊరెళ్ళాకా?" అంది సుక్వారో బాయి నాతో.

అడిగాను. "ఊరెళ్ళాక" అన్నాడు. "బస్సు దిగి నడుస్తున్నాను. మా ఇంటి పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. చలికాలంలో మా అమ్మ పొయ్యి ఆరనివ్వదు. తను హాస్పిటల్లో ఉన్నా పక్కింటివాళ్ళ చేత వెలిగిస్తుంది."

సుక్వారో బాయి మెచ్చుకోలుగా తలూపింది. "మంచి పని చేశారు ఎవరో. మా తమ్ముడు దూరాన ఇటుక బట్టీలో ఉండేవాడు. మా నాన్న పోతే, ముసలాయన నిన్ను తలుచుకుంటున్నాడు, రా అని కబురు పెట్టాం. వాడికి అప్పుడే తెలిసిపోయింది. దూరంలో ఉన్నవాడికి సీధా చెబితే రైల్లోంచి పడిపోడూ? మనిషన్నవాడెవడూ అలా చెప్పడు."

"ఏమంటోంది?" అని మారెక్ నన్ను అడిగాడు.

మార్చి చెప్పవచ్చు. అతనికి మూడు ముక్కలు తప్ప హిందీ రాదు. కానీ ఒక్క మాట వదలకుండా చెప్పాను. తమ్ముడి సంగతి, బట్టీ సంగతి, రైలు సంగతి. అది చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

అతను చెంచా కింద పెట్టాడు. "మీ ఇంట్లోనూ ఇంతేనా, మేడమ్?"

"ఇంతే."

"అందరికీ అర్థమవుతుందా?"

"మావాళ్ళకి అర్థమవుతుంది."

మళ్ళీ చెంచా తీసుకుని కూర పూర్తిగా తిన్నాడు. లేచి, అలమరలోంచి ఆ పొట్లం తీసి సుక్వారో బాయి చేతిలో పెట్టాడు. ఆమె విప్పి చూసుకుని, ఇంత మంచి బట్ట తానెక్కడ కట్టుకోవాలని నన్ను అడిగింది.

ఫారంలో చివరి ప్రశ్న

ఆ తరవాత వచ్చిన ప్రతివాళ్ళ ఫారంలో నేను రెండు ప్రశ్నలు చేర్చాను. చెడ్డ కబురు వస్తే మీకు ఎలా చెప్పాలి? ఎవరు చెప్పాలి? దూబే గారు అపశకునమన్నారు. నేను ఆయన మాట వినని సందర్భం అదొక్కటే. జవాబులు రకరకాలుగా వచ్చేవి. ఒకాయన 'వెంటనే, మొత్తం, నిలబడి' అని రాశాడు. ఒకావిడ 'నా భర్త పక్కన ఉన్నప్పుడు' అని రాసింది. ఒక కుర్రవాడు ఎంతోసేపు ఆలోచించి ఖాళీగా వదిలేశాడు. అలాంటి కబురు వస్తే అతనికి మా అమ్మలాంటి పెద్దావిడ ఎవరైనా చెప్పాలని మనసులో రాసుకున్నాను.

ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. కబుర్లు మీదాకా రావని మీరనుకోవచ్చు. వస్తాయి. డాక్టరు చెప్పినది, పోలీసు ఆఫీసులో చెప్పినది, ఇంటి ఓనరు చెప్పినది, అన్నీ మీ నోటి ద్వారానే వాళ్ళకి చేరతాయి. మెత్తగా చెప్పడం వేరు, చెప్పకపోవడం వేరు. నంబరు అడిగి రాసుకోండి. చెప్పాక, మీకేం అర్థమైందో నాకు చెప్పండి అని వాళ్ళని అడగండి. నేను ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

విమానాశ్రయం

మారెక్ పని నాలుగు నెలల్లో అయిపోయింది. వెళ్ళేవాళ్ళని విమానాశ్రయంలో దింపిరావడం మా ఆఫీసు పద్ధతి. కారులో అతను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నా సంచీలో ఇంకో కాగితం ఉంది. ఈసారి ఒకే రకంగా రాసుకున్నాను, చాలా చిన్నగా.

సామాను దింపాక, లోపలికి వెళ్ళే వరసలో నిలబడకముందు, అతని పేరు పెట్టి పిలిచాను. అప్పటివరకు ఎప్పుడూ పిలవలేదు.

"మారెక్ గారూ, ఆ సోమవారం ఫోన్ వచ్చినప్పుడు..."

అతను చెయ్యి కొంచెం పైకెత్తాడు. ఆపడానికో, సెలవు తీసుకోవడానికో తెలియలేదు. పండరీలో తల పక్కకి వంచి చూసినట్టే చూశాడు. ఈసారి నన్నే చూస్తున్నాడు.

"మా ఊళ్ళో లైన్లు బాగుండవు, మేడమ్" అన్నాడు. "చలికాలంలో అసలేమీ వినిపించదు."